నల్లరేగడికి సున్నపు మందు

మందమర్రి యనగానే మనకు తోచునది బొగ్గు. సింగరేణి గనులతో పెరిగిన ఆ ఊరు గల పాత ఆదిలాబాదు జిల్లాలో మరియొక నల్లని సంపద కలదు. అది రేగడి నేల. పత్తి రైతుకు అది కన్నతల్లి. ఇల్లు కట్టువానికి మాత్రము సవతితల్లి. వానకు ఉబ్బును, ఎండకు ముడుచుకొని నెఱియలు విచ్చును. పైనున్న గోడ ఆ కదలికకు తాళలేక బీటలు వారును.

ఈ చిక్కు నేటిది కాదు. కాకతీయుల నాటి శిల్పులు నేలను నమ్మక, పునాది గోతిని త్రవ్వి ఇసుకతో నింపిరి. 1213 నాటి శాసనము గల పాలంపేట రామప్ప గుడి అట్టి ఇసుక పునాదిపై నిలిచినదే. ఇసుక నీటికి ఉబ్బదు. సున్నమును మన తాపీవారు ఎఱుగనివారు కారు. గానుగపట్టి గోడలకును గచ్చులకును వాడిరి. కాని దానిని నేలలోనే కలిపి నేల గుణమును మార్చుట ఇంజనీరింగు శాస్త్రముగా కుదురుకొన్నది 20వ శతాబ్దముననే. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున 1940ల నుండి బంకమట్టి రోడ్లకు ఈ పద్ధతి బాగుగా వ్యాపించినది.

ఒక విచిత్రము చూడుడు. రేగడి చేలలో నాగటికి తగులు సున్నపురాళ్ళను శ్రోతలలో పలువురు చూచియే యుందురు. నేలలోనే సున్నమున్నప్పుడు ఆ నేల గట్టిపడదేల? ఆ రాయి కాల్షియం కార్బొనేటు. నీటిలో దాదాపు కరగదు. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చి, బొగ్గుపులుసు వాయువును వెడలగొట్టినగాని దానికి చుఱుకు పుట్టదు. సున్నపురాయి మందమర్రికి దూరపు సరకు కాదు. చేరువనున్న దేవాపూరులో 1982 నుండి నడచుచున్న సిమెంటు కర్మాగారమునకు అదియే ఆధారము.

రేగడిలోని ముఖ్య ఖనిజము మాంట్‌మోరిల్లొనైటు. అది పలుచని రేకులుగా నుండును. రేకుల నడుమ నీరు చొచ్చుటయే ఉబ్బు. కాల్చిన సున్నము కలిపినచో కాల్షియం అయానులు సోడియం వంటివానిని త్రోసి వాని చోట కూర్చుండును. సన్నని రేణువులు గుంపుగూడును. కాలికి అంటుకొను జిగట మట్టి గంటలలోనే పొడిపొడియగును. రెండవ మార్పు నిదానమైనది. సున్నపు క్షారమునకు మట్టిలోని సిలికా, అల్యూమినాలు కరగి, కాల్షియముతో కూడి సిమెంటువంటి బంధకమగును. దీనికి తేమ కావలెను, వారములు, నెలలు పట్టును. తొందరపడి మఱునాడే లారీలను నడిపినచో ఫలితము దక్కదు.

ఎండుమట్టి బరువులో నూటికి 3 మొదలు 8 పాళ్ళ సున్నము సాధారణపు మోతాదు. 1966లో ఈడ్స్, గ్రిమ్ అనువారు దీనికొక సులువైన పరీక్ష ప్రకటించిరి: మట్టి, సున్నము, నీరు కలిపిన ముద్ద పి.హెచ్. 12.4కు చేరుటకు చాలినంత సున్నమే తగిన పాలు.

అయితే ఈ మందు అన్ని నేలలకు పడదు. 1970లలో లాస్ వేగాస్ నగరమున స్టూవర్ట్ ఎవెన్యూ అను రోడ్డుకు ఇట్లే సున్నము వేసిరి. అది గట్టిపడుటకు మారుగా ఉబ్బి పగిలినది. మట్టిలోని సల్ఫేటు సున్నముతోను అల్యూమినాతోను కలిసి, నీటిని పట్టి ఉబ్బు స్ఫటికములుగా మారినది. బొగ్గు పొరలతోపాటు వచ్చు షేలులో పైరైటు ఉండుట కలదు. గాలి, నీరు సోకినప్పుడు అదియే సల్ఫేటగును. కావున గనుల సీమలో రోడ్డు వేయువారు సున్నపు బస్తా విప్పకమునుపే మట్టిని పరీక్షశాలకు పంపి, సల్ఫేటు ఎంతయున్నదో తెలిసికొనవలెను.