బస్సు లోపల చదువుకునే పిల్లల చోటు

మా చదువంతా తమిళంలో సాగింది. తెలుగు రాయడం ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మన కోయంబత్తూరులో బస్సుకీ చదువుకీ పాత చుట్టరికం ఉంది. రెండింటి వెనకా మన తెలుగువాళ్ళే ఉన్నారు. జి.డి. నాయుడుగారు 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తామే నడిపారు. 1933 నాటికి ఆయన యు.ఎం.ఎస్. కంపెనీలో 280 బస్సులు తిరిగాయి. ఆయనే 1945లో ఆర్థర్ హోప్ పేరుతో సాంకేతిక విద్యాలయం పెట్టారు. పీళమేడులో పి.ఎస్.జి. కుటుంబం 1926లో ధర్మసంస్థ, 1951లో ఇంజనీరింగ్ కాలేజీ స్థాపించింది. అవినాశి రోడ్డు పొడుగునా చదువుల బడులు లేచాయి. పొద్దున ఎనిమిదిన్నరకి పుస్తకాల సంచీతో బస్సు కోసం నిలబడే పిల్లవాడు అలా మన ఊరికి కొత్త ప్రయాణికుడయ్యాడు.

ఆ పిల్లవాణ్ణి మెప్పించడానికి బస్సువాళ్ళు ఏం చేశారు? ఇది రెండు దారుల్లో నడిచిన కథ.

మొదటిది సర్కారు దారి. 1972లో చేరన్ రవాణా సంస్థ వచ్చింది. సర్కారు బస్సులో డ్రైవరు వెనక తిరుక్కురళ్ పలక ఉంటుంది. 1967 తరవాత డి.ఎం.కె. పాలనలో మొదలైన అలవాటు అది. బళ్ళో బట్టీ పట్టిన కురళ్‌ని బస్సులో మళ్ళీ చదివించేవారన్న మాట! తరవాత బడి పిల్లలకి ఉచిత పాసు ఇచ్చారు. పేదింటి పిల్లని పై చదువుదాకా చేర్చిన మేలు అది. దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు.

రెండోది ప్రైవేటు దారి. మన ఊళ్ళో సర్కారు బస్సుకి ముందో వెనకో అదే రూట్లో ప్రైవేటు టౌను బస్సు కూడా పోతుంది. అక్కడ ఉచిత పాసు చెల్లదు. కాసు పెట్టి ఎక్కే కాలేజీ పిల్లల్ని పిలవాలంటే ఏదో ఒక ఆకర్షణ కావాలి. అందుకని టేపురికార్డరు పెట్టారు, ఇళయరాజా పాటలు వేశారు. రంగు లైట్లు, అద్దాల మీద స్టిక్కర్లు, మెత్తటి సీట్లు వచ్చాయి. పాటల కోసమే ఒక బస్సు వదిలి తరవాతి బస్సుకి ఆగిన పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు.

ఒకరు కురళ్ ఇచ్చారు, ఒకరు పాట ఇచ్చారు. కళ్ళకీ చెవులకీ అన్నీ దొరికాయి. మరి కాళ్ళకీ చేతులకీ, వీపు మీది సంచీకీ?

పాత టౌను బస్సు ఎక్కాలంటే మూడు మెట్లు. నేల మట్టం రోడ్డు మీదనుంచి సుమారు 900 మిల్లీమీటర్లు. ఆరో తరగతి పిల్లకి అది నడుము దాటిన ఎత్తు. పై కడ్డీ ఆ పిల్ల చేతికి అందదు. సంచీ పెట్టడానికి చోటు లేదు. కూర్చున్నవాళ్ళ ఒడిలోకి నిలబడ్డవాళ్ళ సంచులు చేరే మన ఊరి అలవాటు అందుకే పుట్టింది. ముక్కూ మొహం తెలియని అక్క నాలుగు సంచులు మోస్తుంది. మంచి మర్యాదే. కానీ బస్సు కట్టినవాడు మరిచిపోయిన పనిని ప్రయాణికులు చేస్తున్నారని కూడా దానర్థం.

చోటు లేనివాడు ఫుట్‌బోర్డు మీద నిలిచాడు. స్టైలు కోసం వేలాడేవాళ్ళు లేరని మేము అనము, ఉన్నారు. కానీ ఎనిమిదిన్నర బస్సులో లోపలికి పోయే దారే లేక వేలాడేవాళ్ళు ఇంకా ఎక్కువ.

మేము రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాళ్ళం కాబట్టి ఒక పోలిక చెబుతాము. మద్రాసు బీచి, తాంబరం మధ్య 1931లోనే కరెంటు రైలు వచ్చింది. అక్కడ ప్లాట్‌ఫారాన్ని పెట్టె మట్టానికి లేపారు. పెట్టె లోపల చేతికందేలా పట్టులు వేలాడదీశారు. రోడ్డుని అలా లేపలేము, బస్సునే దించాలి. 400 మిల్లీమీటర్ల నేల ఉన్న బస్సులు ఇప్పుడు మన దేశంలోనే తయారవుతున్నాయి. చెన్నైలో తిరుగుతున్నాయి కూడా.

2012 జూలైలో తాంబరం దగ్గర ఒక బడి బస్సు నేలలో ఉన్న రంధ్రంలోంచి జారి రెండో తరగతి పాప చనిపోయింది. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం బడి బస్సులకి ప్రత్యేక నియమాలు తెచ్చింది. మంచిదే. కానీ ఆ నియమాలు బడి బస్సులకే. పాసు పట్టుకుని టౌను బస్సు ఎక్కే పిల్ల వాటి కిందికి రాదు. ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లకి ఒక నియమం, కట్టలేని ఇంటి పిల్లకి ఫుట్‌బోర్డు!

మనం అడగాల్సింది పెద్ద ఖర్చు కాదు. పిల్లల ఎత్తుకి అందే పట్టు, సీటు కింద సంచీకి చోటు, మూసుకున్నాకే బస్సు కదిలే తలుపు, సాయంత్రం పుస్తకం చదువుకోగలిగినంత వెలుతురు, కొత్త బస్సు కొన్నప్పుడల్లా తక్కువ మెట్టు. కరూరులో బాడీ కట్టే పనివాళ్ళకి ఇవి రానివి కావు. కొనేవాడు అడగాలి, అంతే.

సోమవారం కలెక్టరు ఆఫీసులో ఫిర్యాదుల దినం. సంఘం తరఫున విన్నపం రాసి పెట్టాము. ఇంట్లో బస్సెక్కే పిల్లలున్నవాళ్ళు వచ్చి చేవ్రాలు చేయండి. పిల్లల్ని కూడా వెంట తెండి. కడ్డీ ఎంత ఎత్తులో ఉండాలో వాళ్ళే చెయ్యి చాచి చూపిస్తారు.