తీగ కోసిన కాళ్లు

లంబాడీల చరిత్ర రాసేవాళ్లు ఎడ్ల లెక్కతో మొదలుపెడతారు. ఎన్ని వేల ఎడ్లు, ఎన్ని గోనెల ఉప్పు, ఏ సైన్యానికి ఎంత ధాన్యం అని. ఆ ఎడ్ల కాళ్ల సంగతి ఎవరికీ పెద్దగా పట్టలేదు. మూపున బరువు మోస్తూ నెలల తరబడి నడిచే పశువుకు కాలే ఆస్తి. కాలు పోతే ఎద్దు పోయినట్టే, గుర్రమైతే మరీను. తిరువూరు వైపు తండాల వాళ్లం మేము ఇక్కడ ఆ కాళ్ల గురించీ, వాటిని కోసిన కంచెల గురించీ చెప్పుకుంటాం.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ, మచిలీపట్నం దారుల్లో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే మా పూర్వీకుల బిడారులను చూశాడు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎడ్లు ఉండేవనీ, అవి ఎదురైతే దారి ఖాళీ అయ్యేదాకా ప్రయాణికులు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదనీ రాశాడు. కోస్తా ఉప్పు పైకి వెళ్లేది, పై ధాన్యం కిందికి వచ్చేది. తిరువూరు ఆనాడు ఇంగ్లీషు సీమకూ నిజాం సీమకూ అంచు. ఇప్పుడు రెండు రాష్ట్రాలకు అంచు. సరిహద్దులు మారినా మా చుట్టరికాలు మాత్రం అటూ ఇటూ ఉన్నాయి.

గుర్రాలు మాకు ఎప్పుడూ తక్కువే. బరువు మోసింది ఎద్దు. గుర్రం నాయక్‌ది, బిడారు ముందు వెనకలు చూసుకునేవాడిది. అయినా మా మనసులో గుర్రానికి ఉన్న చోటు చిన్నది కాదు. 1739లో గుత్తి దగ్గర పుట్టిన సేవాలాల్ మహరాజ్‌ను తలచుకుంటే ఆయన గుర్రం తోళారాం కూడా గుర్తొస్తుంది. పటాల్లో ఆయన పక్కన తెల్ల గుర్రం లేకపోతే ఆ పటం మాకు నిండుగా అనిపించదు. ఎద్దుల్లో హతాడియా అని ఒకదాన్ని దేవుడికి వదిలేవాళ్లు. దాని మీద బరువు వేయరు. బిడారు ముందు నడిచేది అదే, సాయంత్రం అది ఎక్కడ ఆగితే అక్కడే మజిలీ. మనిషికి జబ్బు చేస్తే దాని కాళ్ల దగ్గరికి తీసుకెళ్లి మొక్కేవాళ్లని ఇంగ్లీషు అధికారులు కూడా రాసిపెట్టుకున్నారు. వాళ్లు దాన్ని వింతగా రాశారు. అది ఏం వింత? తిండి పెట్టేది ఆ కాళ్లే కదా!

కంచె విషయానికి వచ్చేముందు ఒక రాగిరేకు గురించి చెప్పాలి. 1630 ప్రాంతంలో షాజహాన్ సైన్యం దక్కనుకు దిగినప్పుడు భంగీ, జంగీ అనే మా నాయక్‌లు దానికి ధాన్యం మోశారు. సేనాపతి ఆసఫ్ ఖాన్ వాళ్లకు ఒక హామీ ఇచ్చాడని చెబుతారు. ఇళ్లల్లో కుండల నీళ్లు తాగవచ్చు, ఇంటి కప్పు మీది గడ్డి లాగి పశువులకు వేయవచ్చు, తన గుర్రాలు ఎక్కడ నిలిస్తే భంగీ జంగీల ఎడ్లూ అక్కడ నిలవవచ్చు. అందులో రోజుకు మూడు హత్యలు మాఫీ అన్న మాట కూడా ఉంది. బయటివాళ్లు ఆ ఒక్కదాన్నే పట్టుకుని మమ్మల్ని దొంగలనీ హంతకులనీ అన్నారు. మాకు మాత్రం గడ్డి మాటే పెద్దది. పాలకుడి గుర్రానికి ఉన్న మేత హక్కు మా ఎద్దుకూ ఉందని అధికారం ఒప్పుకుంది. ఊరి వాళ్ల కప్పు గడ్డి లాక్కోవడం ఆ ఊరివాళ్లకు ఎంత కష్టమో కూడా ఒప్పుకోవాల్సిందే.

తర్వాత వచ్చిన కాలం ఆ హక్కును తిరగేసింది. 1871లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి పశువుల అతిక్రమణ చట్టం. రెండోది నేరస్థ జాతుల చట్టం. మొదటిది పశువును బందెలదొడ్డిలో పెట్టింది, రెండోది మనిషిని రిజిస్టరులో పెట్టింది. మొదటి చట్టంలో పశువు అంటే ఎద్దూ ఆవే కాదు, ఏనుగు, ఒంటె, గుర్రం, గాడిద, మేక, అన్నీ. జరిమానా, మేత ఖర్చు గడువులోగా కట్టకపోతే వేలం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి మేత అడవులను రిజర్వు చేసింది. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. ఉప్పు రైలెక్కాక బిడారుకు పని లేదు. నడక ఆగిన చోట తండాలు లేచాయి, ఎడ్లు అక్కడే మేయాల్సి వచ్చింది. పశువు కాలు కంచెకు తగలడం ఎక్కువైంది కూడా అక్కడి నుంచే.

అంతకు ముందు కంచెలు లేవని కాదు. తుమ్మకంప, రేగుకంప, నాగజెముడు, కలబంద పొలం గట్ల మీద ఉండేవి. ముల్లు గుచ్చుకుంటుంది, కొన్నిసార్లు లోపల విరుగుతుంది, చీము పడుతుంది. కానీ పశువు వెనక్కి లాక్కుంటే కంప విరుగుతుంది. తీగ విరగదు. 1874లో అమెరికాలో ఇల్లినాయ్ రైతు జోసెఫ్ గ్లిడెన్ పేటెంటు తీసుకున్న ముళ్లతీగ పచ్చిక మైదానాల్ని ముక్కలు చేసింది. అక్కడి మూలవాసులు దాన్ని దెయ్యపు తాడు అన్నారని చెప్పుకుంటారు. ఇంగ్లండులో రోడ్డు పక్క ముళ్లతీగ మనుషులకూ పశువులకూ హాని చేస్తుంటే తీసేయించే అధికారం స్థానిక సంస్థలకు ఇస్తూ 1893లోనే చట్టం చేశారు. అదే ప్రభుత్వం ఇక్కడ మా పశువును దొడ్డికి తోలింది.

ఇక గాయం సంగతి. కాలు తీగలో పడ్డ గుర్రం నిలబడి ఆలోచించదు. పారిపోవడమే దాని పుట్టుబుద్ధి. గుంజుతుంది, తన్నుతుంది, తీగ రంపంలా లోపలికి దిగుతుంది. ఎద్దు కొంత నయం, చాలాసార్లు ఆగి మనిషి కోసం చూస్తుంది. మోకాలి కింద కండ ఉండదు, చర్మం కిందే నరం, ఎముక. అందుకే చిన్న కోత కూడా లోతైన కోతే. ముందు వైపు నరం తెగితే ఓపికగా చూసుకుంటే గుర్రం మళ్లీ నడుస్తుంది. వెనక వైపు నరం (డాక్టర్లు స్నాయువు అంటారు) తెగితే గిట్ట పైకీలు కిందికి జారిపోతుంది, అది కష్టం. అన్నిటికన్నా ప్రమాదం కీలు దగ్గర పడిన చిన్న రంధ్రం. రక్తం పెద్దగా రాదు, చూసేవాళ్లకు భయం వేయదు, రెండు రోజుల్లో కీలంతా చీము పడుతుంది.

మా పెద్దలు చేసిన వైద్యంలో కొంత నిలిచింది, కొంత నిలవలేదు. పశువును లాగకుండా ముందు దాని కళ్లకు గుడ్డ కట్టి, తీగనే కోసేవాళ్లు. ఇది ఇప్పటికీ సరైన పనే. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతో కడగడం సరైనదే. ఉప్పు మోసిన జాతికి ఉప్పు గుణం ఎవరూ చెప్పక్కర్లేదు. ఈగలు వాలకుండా వేపనూనె, పసుపు పూయడం, పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టడం ఊళ్లలో అందరికీ తెలిసినవే. విరిగిన ఎముకకు నల్లేరు, వెదురు దబ్బలు. వాతలు పెట్టడం మాత్రం మేము సమర్థించం. ఉన్న పుండుకు ఇంకో పుండు చేర్చినట్టే. పచ్చి పుండు మీద సున్నం, పేడ వేయడం కూడా అంతే. ధనుర్వాతం కలిగించే క్రిమి మట్టిలో, పేడలోనే ఉంటుంది. ఎద్దు దాన్ని చాలావరకు తట్టుకుంటుంది, గుర్రం తట్టుకోలేదు.

గుర్రానికి ఇంకో చిక్కు ఉంది. మోకాలి కింది పుండు మానే క్రమంలో ఎర్రటి కండ చర్మాన్ని దాటి పైకి పొంగుతుంది. దాన్ని దుర్మాంసం అంటారు. అది ఉన్నంతకాలం చర్మం మూసుకోదు. పాతవాళ్లు మైలుతుత్తం రాసి కాల్చేవాళ్లు. ఆ మందు పక్కనున్న మంచి కండనూ తినేస్తుంది. పశువైద్యులు ఇప్పుడు కత్తితో కోసి కట్టు బిగిస్తారు. ఆ కండలో నొప్పి తెలిసే నాడులు ఉండవు, నెత్తురు మాత్రం బాగా కారుతుంది, కాబట్టి ఇంట్లో బ్లేడుతో చేసే పని కాదు. కట్టు మారుస్తూ, కాలు కదలకుండా వారాల తరబడి నిలిపి ఉంచి, తర్వాత చేత్తో పట్టుకుని రోజుకు కొద్ది కొద్దిగా నడిపించాలి. బిడారులో ఈ విశ్రాంతి ఎక్కడిది? మంద కదిలితే కుంటేదీ కదలాలి. మందు లేక పోయిన పశువులకన్నా విశ్రాంతి లేక పోయినవే ఎక్కువ అయి ఉంటాయి.

ప్రభుత్వానికి పశువైద్యం తెలియక కాదు. 1882లో లాహోర్‌లో పశువైద్య పాఠశాల పెట్టింది, సైన్యం గుర్రాల అవసరం కోసమే. బొంబాయిలో 1886లో, మద్రాసులో 1903లో కళాశాలలు వచ్చాయి. 1791లో కారన్‌వాలిస్ సైన్యానికి టిప్పు మీద యుద్ధంలో తిండి మోసిన మా ఎడ్లకు ఆ వైద్యం అందడానికి మరో తరమో రెండు తరాలో పట్టింది.

ఇప్పుడు తిరువూరు, విస్సన్నపేట, ఎ.కొండూరు వైపు మామిడి తోటలకు రాతి స్తంభాలు, ముళ్లతీగ. తోటవాళ్ల బాధ మాకు తెలుసు, మాలోనూ తోటలున్నవాళ్లున్నారు. పంట పశువు పాలైతే ఎవరికైనా నష్టమే. పై వరస తీగకు తెల్ల గుడ్డ పీలికలు కట్టినా పశువు కంటికి కంచె ఆనుతుంది. సడలిపోయి నేలమీద పడ్డ పాత తీగ నిలబడ్డ కంచెకన్నా ప్రమాదం, దాన్ని చుట్టి తీసేయాలి. పాడేరు వైపు కొండల్లో మన గిరిజన సోదరులు ఇప్పటికీ గుర్రాల మీద సంతకు సరుకు తెచ్చుకుంటారు. కాఫీ తోటల చుట్టూ కంచె వేసేటప్పుడు వాళ్లకీ ఈ మాట పనికొస్తుంది.

2022 నుంచి 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ ఇంటికొస్తోంది. ఫోన్‌లో కాలు తెగిందని మాత్రమే చెప్పి పెట్టేయవద్దు. మోకాలికి పైనా కిందా, ముందు వైపా వెనక వైపా, కీలుకు ఎంత దూరం, ఎన్ని గంటలైంది, కాలు మోపుతోందా లేదా, ఇవి చెప్పాలి. వాళ్లు వచ్చేలోపు శుభ్రమైన గుడ్డతో గట్టిగా కట్టి, నీడన నిలిపి, నీళ్లు పెట్టి, పక్కన తెలిసిన మనిషిని ఉంచాలి.