అంబలి కుండలో మన చరిత్ర

చరిత్ర అంటే తిరుగుబాట్లు, తేదీలు, విగ్రహాలు అని బడిలో మనకు అలవాటైంది. 1879లో రంప తిరుగుబాటు, 1922లో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి, 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం అమరత్వం - ఇవి మన పిల్లలకు తెలియాల్సిందే. అయితే ఈ పోరాటాల వెనుక రోజువారీ ప్రశ్న ఒకటుంది. ఈ పూట ఏం వండుకోవాలి? దాన్ని అడవి నుంచి తెచ్చుకోవడానికి ఎవరిని అడగాలి? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే, మన పొయ్యి చుట్టూ ఎంత చరిత్ర ఉందో కనబడుతుంది.

రంప సంగతే చూద్దాం. ఆ కొండల్లో జీలుగు కల్లు సరదా తాగుడు కాదు. ఎండాకాలంలో ఇంట్లో గింజ అయిపోయినప్పుడు అది ఒక పూట తిండి. బ్రిటిష్ ప్రభుత్వం ఆబ్కారీ నిబంధనలు తెచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడానికి కూడా అడ్డుపడింది. కల్లు మీద హక్కు మైదానం నుంచి వచ్చిన గుత్తదారుల చేతికి పోయింది. మన్సబ్‌దారు వేసిన పన్నులు దీనికి తోడయ్యాయి. 1879 మార్చిలో మొదలైన తిరుగుబాటుకు ఇవి ముఖ్య కారణాలు. మనవాళ్లు తమ ముంతలోని తిండి కోసం కూడా పోరాడారన్న మాట.

ఆ తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి గీతలు పోడు మీదుగా సాగాయి. పోడు అంటే ఒక్క పంట కాదు. ఒకే చెలకలో సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, చిక్కుడు, గుమ్మడి కలిసి ఉండేవి. ఒక్కొక్కటి ఒక్కో నెలలో చేతికొచ్చేది. ఒకటి ఎండిపోయినా మరొకటి ఆదుకునేది. పోడు తగ్గితే భూమి మాత్రమే కాదు, కుండలో పడే రకాలూ తగ్గుతాయి. మన కొత్త పండుగలు ఈ వరసను గుర్తు చేస్తాయి. సామ కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త - దేవతకు పెట్టనిదే ఎవరూ నోట పెట్టకూడదు. కాయ ముదిరేదాకా చెట్టును ముట్టకుండా కాపాడిన కట్టుబాటు అది. ఆదిలాబాద్ గోండు గూడేల్లోనూ కొత్త పంటకు ఇదే మర్యాద.

వానాకాలం మొదట్లో గాదె ఖాళీ అయ్యే రోజులు వేరు. హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు గోదావరి కొండల్లోని కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వారి గురించి పుస్తకం ప్రచురించాడు. ఆనాటి కొండరెడ్ల బతుకులో అడవి దుంపలు, జీలుగు మాను లోపలి గుజ్జును దంచి తీసిన పిండి, మామిడి జీడి ఆకలి నెలలను దాటించేవి. మామిడి టెంకను ఎండబెట్టి, పగలగొట్టి, జీడి తీసి దంచాలి. ఆ పిండిని పారే నీళ్ల కింద ఉంచి వగరు పోగొట్టాలి. ఆ తర్వాతే అంబలి కాచాలి. సరిగా ఎండక బూజు పట్టిన జీడి ప్రాణం మీదికి తెస్తుంది. ఎంతసేపు కడగాలి, ఏది పారేయాలి అన్న తెలివి పుస్తకంలో లేదు, అమ్మమ్మల చేతుల్లో ఉంది. బయటివాళ్లు దీన్ని చూసి "పాపం, టెంకలు తింటున్నారు" అంటారు. అందులో ఆకలి ఉన్న మాట నిజం. ఆ ఆకలిని గెలిచిన విద్య ఉన్న మాటా నిజం. రెండూ కలిపి చెబితేనే అది చరిత్ర అవుతుంది.

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. కోటా బియ్యం కొండ మీది ఇళ్లలో ఆకలి నెలలను తగ్గించింది. సామలు దంచి దంచి చేతులు కాయలు కాసిన ఆడవాళ్లకు కొంత ఊపిరి దొరికింది. ఈ మేలును మనం మరిచిపోకూడదు. కానీ అదే దారిలో చోడి అంబలి "పేదోళ్ల తిండి" అయిపోయింది. హాస్టల్‌లో అన్నం, సాంబారు తిని పెరిగిన పిల్లలు ఇంటికొచ్చి అంబలి ముంతను పక్కకు నెట్టారు. చెలకల్లో కొన్నిచోట్ల జీడిమామిడి, కొన్నిచోట్ల కాఫీ, ఆదిలాబాద్ వైపు పత్తి పెరిగాయి. డబ్బు కంటబడింది, గింజ సంతకు మారింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, మనం సిగ్గుపడి వదిలేసిన సామలూ కొర్రలూ పట్నం దుకాణాల్లో బియ్యాన్ని మించిన ధరకు కనబడుతున్నాయి.

బొంగులో చికెన్ కథ కూడా ఇలాంటిదే. మారేడుమిల్లిలో, అరకులో రోడ్డు పక్కన పర్యాటకులు దాని కోసం బారులు తీరుతున్నారు. అడవిలో గిన్నె లేనిచోట పచ్చి వెదురే గిన్నె. దాని తడి వల్ల బొంగు వెంటనే కాలిపోదు, లోపలి కూర తన ఆవిరికి తానే ఉడుకుతుంది. మన యువకులు దీంతో నాలుగు డబ్బులు సంపాదించడం మంచిదే. అయితే అమ్మేవాడికి దాని కథ తెలిసి ఉండాలి.

మన తిండి ఎప్పుడూ మారలేదని మనం అనడం లేదు. చోడి ఆఫ్రికా నుంచి వేల ఏళ్ల కిందట వచ్చింది. మిరప అమెరికా ఖండం నుంచి నాలుగైదు వందల ఏళ్ల కిందట వచ్చింది. వాటిని మనవాళ్లు తమకు తాముగా మన చెలకలో కలుపుకున్నారు. ఆబ్కారీ నిబంధన, అటవీ గీత మాత్రం మనల్ని అడగకుండా మన పొయ్యి దగ్గరికొచ్చాయి. తేడా అక్కడుంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఉపాధ్యాయ మిత్రులారా! ఈ సెలవుల్లో ప్రతి ఊళ్లో ఒక నోటు పుస్తకం తెరుద్దాం. ఏ నెలలో ఏం తినేవారు, దాని పేరు కోయలో, గోండిలో, కువిలో ఏమిటి, ఎలా శుద్ధి చేసేవారు, ఎప్పుడు ఎందుకు మానేశారు - పెద్దల దగ్గర కూర్చుని వారి మాటల్లోనే రాసుకుందాం. టెంకపిండి కడగడం చూపించగల చేతులు ఊరికి ఒకటో రెండో మిగిలాయి. ముందు వాళ్ల దగ్గరికి వెళ్దాం.