మైనముపై రంగుబొమ్మ

కాగితముపై అచ్చయిన రంగుబొమ్మను మైనము పూసిన పలకపై బోర్లించి, చెంచా వీపుతో కొంతసేపు గట్టిగా రుద్ది, వెనుకవైపు తడిచేసి, నానిన కాగితమును వ్రేళ్లతో నలిపి తీసివేసినచో బొమ్మ మైనములో నిలిచిపోవును. ఎన్‌కాస్టిక్ అను మైనపు చిత్రకళను అభ్యసించువారు నేడు తరచుగా చేయు పని ఇది. చూచుటకు పిల్లల ఆటవలె కనిపించును. కాని ఇందులో రెండు వేల యేండ్లనాటి ఒక పాతకళయు, 1938లో పుట్టిన ఒక ముద్రణ విధానమును కలిసికొన్నవి. ఆ రెండును ఒకదానికొకటి బొత్తిగా క్రొత్తవి కావు. ఎట్లన, ఆ ముద్రణ విధానములో తీసిన మొట్టమొదటి ప్రతి కూడ మైనముమీదనే నిలిచినది.

ఎన్‌కాస్టిక్ అను గ్రీకుమాటకు వేడిచే కాల్చి నాటుట అని అర్థము. తేనెమైనమును కరిగించి, అందు రంగుపొడులు కలిపి, వేడిగానున్నప్పుడే పలకపై పూసి, మరల పైనుండి వేడి తగిలించి పొరలను ఒకటిగా అతికింతురు. వెసూవియస్ అగ్నిపర్వతము ప్రేలినపుడు 79వ సంవత్సరమున మరణించిన రోమను పండితుడు ప్లీనీ ఈ కళను గూర్చి కొన్ని వాక్యములు వ్రాసెను. ఓడలకు పూయు మైనపురంగు ఎండకుగాని, ఉప్పునీటికిగాని, గాలికిగాని చెడదని ఆయన చెప్పినాడు. కాని మైనమును ఎట్లు సిద్ధపరుపవలెనో, ఏ పనిముట్టును ఎట్లు పట్టవలెనో వివరముగా చెప్పలేదు. తన కాలమువారందరికి తెలిసిన విషయమును విస్తరించి వ్రాయుట ఎందుకని కాబోలు! ఆ కొరత తరువాతివారిని చాలకాలము తికమక పెట్టినది.

ప్లీనీ వ్రాత కంటె గట్టిసాక్ష్యము ఈజిప్టు ఇసుకలో దొరకినది. 1888లో ఆంగ్ల పురావస్తు శాస్త్రజ్ఞుడు ఫ్లిండర్స్ పెట్రీ ఫయూమ్ ప్రాంతమునందలి హవారా శ్మశానమును త్రవ్వగా, మమ్మీల ముఖములపై కట్టిన చెక్కపలకలు బయటపడినవి. వాటిపై ఆ మృతుల రూపములు చిత్రింపబడియున్నవి. పెద్ద కన్నులు, చెవిపోగులు, నెరసిన గడ్డములు నిన్న వ్రాసినంత నిగనిగలాడుచుండెను. ఇట్టివి 1వ శతాబ్దినుండి 3వ శతాబ్దివరకు వ్రాసినవి ఎక్కువ. వానిలో చాలభాగము మైనపు చిత్రములే. నూనెరంగులు కాలక్రమమున పసుపువారును. మైనము అట్లు మారదు, తేమను లోనికి రానీయదు. ఎడారి పొడిగాలియు దానికి తోడైనది. సినాయి కొండలోని సెయింట్ కేథరిన్ మఠమున 6వ శతాబ్దినాటి క్రీస్తు చిత్రమొకటి మైనముతో వ్రాసినది కలదు. అటుపిమ్మట ఈ కళ క్రమముగా మరుగునపడెను.

దానిని తిరిగి కనుగొనుటలో 18వ శతాబ్ది పారిసునగరమున పెద్ద రగడ జరిగినది. కేలూస్ ప్రభువు ప్లీనీ వాక్యములను పట్టుకొని ప్రయోగములు చేయించి, 1754లో వియన్ అను చిత్రకారునిచే మినర్వా దేవత శిరస్సును మైనముతో వ్రాయించెను. కాని తన పద్ధతిని వెంటనే బయటపెట్టలేదు. తత్త్వవేత్త డిడెరో దీనిపై మండిపడి, 1755లో పేరు లేకుండ ఒక చిన్నపొత్తము ప్రకటించి, బాషెలియే అను చిత్రకారుడు మైనమును టర్పెంటైనులో కరిగించి 1749లోనే చిత్రము వ్రాసెనని చాటెను. విజ్ఞానమును పెట్టెలో దాచి తాళము వేయరాదనుట డిడెరో వాదము. ఆ సంవత్సరమే కేలూస్ కూడ తన పద్ధతిని అచ్చువేయించెను. ఎవరు ముందు అను తగవు ఎట్లున్నను, ఇద్దరును తగవులాడుటచేత పద్ధతులు అందరికి తెలిసినవి!

అచ్చుబొమ్మను వేరొక తలముపైకి ఎక్కించు విద్యయు ఆ దినములలోనే పెరిగినది. లివర్‌పూల్ నగరమున జాన్ సాడ్లర్, గై గ్రీన్ అను ఇరువురు, రాగిరేకుపై చెక్కిన బొమ్మను పలుచని కాగితముపై అచ్చొత్తి, సిరా ఆరకమునుపే మెరుగుపెట్టిన పింగాణి పలకలకు అద్ది, కొలిమిలో కాల్చెడివారు. 1756 జూలై 27న ఉదయము 9 గంటలనుండి మధ్యాహ్నము 3 గంటలలోపల, మరియొకరి సాయము లేక 1200కు పైగా పలకలను ముద్రించితిమని వారు ప్రమాణపత్రము వ్రాసి ఇచ్చిరి. చేతితో చిత్రించువానికి అది ఎన్ని నెలల పనియో!

మన కోరమండల్ తీరమున గుడ్డలపై రంగుచిత్రములు వేయు పనివారికిని ఈ రెండు విషయములు తెలియును. తెలుగు నేర్చిన ఫ్రెంచి మతగురువు కేర్దూ 1742లో వ్రాసిన లేఖ ఇందుకు సాక్ష్యము. సూదితో చిల్లులు పొడిచిన కాగితమును గుడ్డపై పరచి, బొగ్గుపొడి అద్ది, బొమ్మ గీతలను ఎక్కించెడివారు. నీలిమందు అంటకూడనిచోట కరిగించిన మైనము పూసెడివారు. అయితే అక్కడ మైనము రంగును రానీయని కావలివాడు. ఎన్‌కాస్టిక్‌లో రంగును పట్టియుంచునది.

ఇక 1938నాటి కథ. చెస్టర్ కార్ల్‌సన్ న్యూయార్కులో ఒక కంపెనీయందు పేటెంటు పత్రములు చూచు ఉద్యోగి. ఒకే పత్రమునకు పలు ప్రతులు కావలసివచ్చుట, ఎత్తివ్రాయుట, ఫొటో తీయించుట ఆయనకు నిత్యము తలనొప్పి. వెన్నెముక కీళ్లనొప్పి ఆ బాధను ఇనుమడింపజేసెను. ఆస్ట్రియానుండి వచ్చిన ఆటో కోర్నీ అను శాస్త్రజ్ఞుని సహాయకునిగా పెట్టుకొని, ఆస్టోరియా అను పేటలో చిన్నగదియందు ప్రయోగములు సాగించెను. అక్టోబరు 22న వారు జింకు రేకుకు గంధకము పూత పూసి, గుడ్డతో రుద్ది దానికి స్థిరవిద్యుత్తు కలిగించిరి. ఆ తేదీని, ఆస్టోరియా అను మాటను సిరాతో వ్రాసిన గాజుపలకను దానిపై నుంచి, దీపకాంతిని కొద్దిసేపు ప్రసరింపజేసిరి. వెలుతురు సోకినచోట విద్యుత్తు తొలగిపోయి, అక్షరముల నీడ పడినచోట మాత్రమే మిగిలెను. అటుపైన లైకోపోడియం అను మొక్క సిద్ధబీజముల పొడిని చల్లి మెల్లగా ఊదగా, అక్షరముల మేరకే పొడి అంటుకొని నిలిచెను.

అయితే అది రేకుపైనున్న పొడి మాత్రమే; వ్రేలు తగిలిన చెరిగిపోవును. అప్పుడు కార్ల్‌సన్ మైనపుకాగితమును దానిపై ఒత్తి తీసి, వేడిచేసెను. మైనము కరిగి, చల్లారి, పొడిని పట్టుకొనెను. జిరాక్సు ప్రతులలో మొదటిది ఇట్లు పుట్టినది. దానికి ఆదరణ మాత్రము వెంటనే దొరకలేదు. 20కి పైగా కంపెనీలు ఆయనను త్రిప్పి పంపినవి. 1942లో పేటెంటు లభించినను అడుగువాడు లేడు. 1944లో బాటెల్ పరిశోధనసంస్థ పూనుకొని, తరువాత హాలాయిడ్ కంపెనీ చేరగా, 1959లో జిరాక్స్ 914 యంత్రము వెలువడెను. అప్పటికి 21 సంవత్సరములు గడచినవి. 1973లో రంగుప్రతులు తీయు యంత్రములును వచ్చినవి.

ఈ యంత్రములలో వాడు పొడికి టోనరు అని పేరు. మసి లేక రంగుపదార్థమును, వేడికి మెత్తబడు ప్లాస్టికుతో కలిపి నూరిన సన్నని పొడి అది. రంగుబొమ్మకు పసుపు, మజెంటా, నీలి, నలుపు అను నాలుగు టోనరులను ఒకదానిపై నొకటి పరతురు. యంత్రములోని వేడిచుట్ట దానిని కరిగించి కాగితమునకు అతికించును. అందుచే బొమ్మ కాగితపు నారలలోనికి ఇంకక, పైననే పలుచని ప్లాస్టికు పొరగా నుండును. మైనమునకు దానిని ఎక్కించగలుగుటకు కీలకమిదే. టోనరునకు, మైనమునకు రెండింటికిని నీరనిన గిట్టదు. కాగితపు నారలు నీటిని త్రాగి ఉబ్బి వదులగును. రుద్దుడువలన మెత్తని మైనములో నాటుకొన్న బొమ్మ అక్కడనే యుండి, కాగితము మాత్రము ఊడివచ్చును. సిరా చిమ్మి ముద్రించు యంత్రముల బొమ్మకు ఇది చెల్లదు. ఆ సిరాలో ఎక్కువపాలు నీరే. రంగు నారలలోనికి ఇంకిపోవును, తడిపినచో కరిగి పారును.

కార్ల్‌సన్ యంత్రము అంగడికి రాకమునుపే చిత్రకారులు అచ్చుకాగితమును మైనమున వాడిరి. అమెరికనుడు జాస్పర్ జాన్స్ 1954-55లో వ్రాసిన జెండా చిత్రమున వార్తాపత్రిక ముక్కలను మైనములో ముంచి అతికించెను. పైనున్న రంగుపొరగుండ అక్షరములు కనిపించును. అక్కడ కాగితము లోపలనే మిగిలిపోయినది. 1958-60లో రాబర్ట్ రౌషెన్‌బర్గ్ పత్రికలలోని బొమ్మలను ద్రావకముతో తడిపి, వెనుకనుండి రుద్ది, డాంటే నరకవర్ణనకు 34 చిత్రములు చేసెను. అక్కడ మైనము లేదు, కాని రుద్ది ఎక్కించుట కలదు. తరువాత టోనరు ప్రతులు ఊరూర చౌకయగుటతో రెండు మార్గములును కలిసినవి.

ఈ పనిలో ఓర్పు ముఖ్యము. తేనెమైనము సుమారు 63 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. గట్టితనమునకు డామర్ గుగ్గిలము కొంత కలుపుదురు. పలక చేతికి గోరువెచ్చగా నున్నపుడు బొమ్మను అద్దవలెను. మరీ చల్లగానున్న మైనము పట్టదు. మరీ వేడియైనచో కాగితమును కూడ మ్రింగును. బొమ్మ కుడియెడమలు తారుమారై వచ్చును గనుక, అక్షరములున్నచో ముందే త్రిప్పి అచ్చు తీయవలెను. కాగితపు నార ఏమాత్రము మిగిలినను, ఆరిన తరువాత తెల్లని మసకగా కనిపించును. మరల తడిపి తుడువవలెను. చివరకు వేడిగాలిని పైపైన తగిలించి అతికింతురు. ఆ వేడి ఒక్క క్షణము ఎక్కువైన మైనము పారి, టోనరు పొర చీలి, ముఖము ముక్కలై తేలిపోవును. అందుచే నేర్చుకొనువారు విలువైన బొమ్మలను పక్కనబెట్టి, మొదట పనికిరాని ప్రతులతో చేయి త్రిప్పుకొందురు.