తారు ఆరని ఆదివారం

2025 జులై 17కి కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌కు 70 ఏళ్లు నిండాయి. అక్కడ బాణసంచా కాల్చారు, పాత ఫొటోలు బయటికి తీశారు, కొత్త టోపీలు అమ్మారు. మనకెందుకయ్యా ఆ సంబరం అంటే, పిల్లల్ని వెంటేసుకుని ఒక రోజంతా పార్కులో గడపడమనే మధ్యతరగతి క్రతువు ఇప్పుడున్న రూపానికి వచ్చింది అక్కడే. ఆ క్రతువులో అమ్మానాన్నలు చేయాల్సింది ఏమిటన్న ప్రశ్న గట్టిగా లేచిందీ అక్కడే. ఆ పార్కు పుట్టడానికి కారణమే ఒక నాన్న విసుగు.

అంతకుముందు కొన్ని శతాబ్దాల పాటు ఈ వినోదమంతా పెద్దవాళ్ల సొత్తు. కోపెన్‌హాగన్ శివార్లలోని బాకెన్ 1583 నాటిదంటారు. అక్కడి ఊట నీళ్లు తాగితే రోగాలు పోతాయని జనం వచ్చారు, జనం ఉన్నచోటికి గారడీవాళ్లూ మిఠాయి కొట్లవాళ్లూ చేరారు. మన తిరునాళ్ల కథ కూడా ఇంచుమించు ఇదే. లండన్‌లో వాక్స్‌హాల్ తోటలు దాదాపు రెండు వందల ఏళ్లు నడిచాయి. సంగీతం, వేల దీపాలు, ఆ దీపాలు అందని చీకటి దారులు వాటి ఆకర్షణ. ఆ దారులు పిల్లల కోసం వేసినవి కావని వేరే చెప్పక్కర్లేదు. వియన్నాలో చక్రవర్తుల వేట అడవి ప్రాటర్ 1766లో ప్రజలదైంది. 1843లో కోపెన్‌హాగన్‌లోనే టివోలీ వచ్చింది. రెండున్నర శతాబ్దాలను ఇలా ఒక్క గుక్కలో దాటేయడం అన్యాయమే గానీ, ఆదివారం అనుబంధంలో పేజీలు కొలిచి ఇస్తారు.

1893 దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఆ ఏడాది షికాగో ప్రపంచ ప్రదర్శనలో జార్జ్ ఫెరిస్ అనే ఇంజినీరు 264 అడుగుల ఎత్తున ఉక్కు చక్రం నిలబెట్టాడు. దానికి 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది, టికెట్ 50 సెంట్లు. ఇవాళ మన జాతరల్లో తిరిగే జెయింట్ వీల్‌కు అదే మూలపురుషుడు. ఆ ప్రదర్శనలో భాగంగా జరిగిన సర్వమత మహాసభలోనే వివేకానందుడు మాట్లాడాడు. ప్రదర్శన భవనాలు కట్టిన కూలీల్లో ఇలయస్ డిస్నీ అనే వడ్రంగి కూడా ఉన్నాడు. అతని కొడుకు వాల్ట్ పుట్టడానికి ఇంకా ఎనిమిదేళ్ల వ్యవధి ఉంది.

న్యూయార్క్ పక్కన కోనీ ఐలాండ్‌లో 1884లో మొదలైన స్విచ్‌బ్యాక్ రైలు గంటకు ఆరు మైళ్ల వేగంతో జనాన్ని కేకలు పెట్టించింది. ఇవాళ సైకిల్ మీద వెళ్లే పిల్లాడు దాన్ని దాటిపోతాడు. 1903లో అక్కడే లూనా పార్క్ రెండున్నర లక్షల విద్యుద్దీపాలతో వెలిగింది. అక్కడ అందరికంటే పసివాళ్లు కనిపించింది డాక్టర్‌గా పేరుపడ్డ మార్టిన్ కూనీ నడిపిన ప్రదర్శనలో. అయితే వాళ్లు చూడవచ్చినవాళ్లు కాదు, జనం చూడవచ్చింది వాళ్లనే. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్ని ఇంక్యుబేటర్లలో ఉంచి, చూడ్డానికి 25 సెంట్ల టికెట్ పెట్టాడాయన. వింటే ఒళ్లు మండుతుంది. కానీ ఆ రోజుల్లో చాలా ఆసుపత్రులు ఇలాంటి బిడ్డల మీద ఆశ వదిలేసేవి. కూనీ ఆ టికెట్ డబ్బుతోనే నర్సుల్ని పెట్టాడు, తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోలేదు. 1943 దాకా సాగిన ఆ ప్రదర్శన వేల మంది పసికందుల్ని బతికించింది.

ఇక మన నాన్న సంగతి. 1930ల చివరికి వాల్ట్ డిస్నీ పేరున్న సినిమా మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. శనివారం నాన్నతో షికారు. లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ పార్క్‌లో డయాన్, షారన్ రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే ఆయన బెంచీ మీద కూర్చుని పల్లీలు నములుతూ ఉండేవాడు. పిల్లలూ పెద్దలూ కలిసి సరదాపడే చోటు ఒకటి ఎందుకు ఉండకూడదన్న ఆలోచన ఆ బెంచీ మీదే వచ్చిందని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. కొన్ని వేల సినిమా కథలు విన్నవాడు కనుక తన కథకు మంచి మొదలు ఎలా ఉండాలో ఆయనకు తెలుసు. అయినా పల్లీల వివరం అబద్ధంలా లేదు.

1950లో కాలిఫోర్నియాలోనే ఓక్లండ్‌లో చిల్డ్రన్స్ ఫెయిరీలాండ్ తెరిచారు. పిల్లాణ్ణి వెంట తెచ్చుకోని పెద్దలకు అక్కడ ప్రవేశం లేదు. వాల్ట్ వెళ్లి చూశాడు. వచ్చేటప్పుడు దాన్ని నడుపుతున్నావిడను తన దగ్గర పనికి పిలుచుకున్నాడు.

డబ్బు మాత్రం అంత సులువుగా రాలేదు. 1953 సెప్టెంబరులో హెర్బ్ రైమన్ అనే చిత్రకారుణ్ణి స్టూడియోకి రప్పించి, వాల్ట్ పక్కనే కూర్చుని నోటితో చెబుతుంటే శని, ఆదివారాల్లో మొత్తం పార్కు బొమ్మ వేయించారు. సోమవారం అన్న రాయ్ దాన్ని పట్టుకుని న్యూయార్క్ టెలివిజన్ కంపెనీల గుమ్మాలు ఎక్కాలి మరి. ఆ నవంబరులో పేరుమోసిన పార్కుల యజమానులకు ప్లాను చూపిస్తే వాళ్లు తలలు అడ్డంగా ఊపారు. జెయింట్ వీల్ లేదు, బీరు లేదు, అంత పెద్ద స్థలానికి ఒకటే గేటు. ఇది మునుగుతుందన్నారు. వాల్ట్ తన జీవిత బీమా మీద అప్పు చేశాడు. చివరికి ఏబీసీ టెలివిజన్ 5 లక్షల డాలర్లు పెట్టి, అప్పులకు హామీ ఉండి, మూడో వంతుకు పైగా వాటా తీసుకుంది. బదులుగా వాల్ట్ వారం వారం ఒక కార్యక్రమం తీసి ఇవ్వాలి. ఆ కార్యక్రమం పేరు కూడా డిస్నీలాండే. పార్కు తెరవకముందే పిల్లలందరికీ దాని పేరు నోటికొచ్చేసింది.

స్థలం అనహైమ్‌లోని నారింజ తోటలు, 160 ఎకరాలు. పని మొదలైంది 1954 జులైలో, గడువు సరిగ్గా ఏడాది. ఉంచాల్సిన చెట్లకు ఒక రంగు రిబ్బను, కొట్టాల్సినవాటికి ఇంకో రంగు రిబ్బను కట్టారట. బుల్‌డోజర్ నడిపేవాడికి రంగులు పోల్చుకునే చూపు లేకపోవడంతో అన్నిటినీ ఒకేలా కూల్చేశాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పార్కును గీసినవాళ్లలో చాలామంది సినిమా సెట్లు వేసినవాళ్లే. అందుకే పార్కులోని మెయిన్ స్ట్రీట్ భవనాల పై అంతస్తులను కింది అంతస్తుల కంటే చిన్నగా కట్టి, ఉన్నదానికంటే ఎత్తుగా కనిపించేలా చేశారు. 77 అడుగుల కోట కూడా ఆ కనికట్టుతోనే ఆకాశాన్ని తాకుతుంది. ఆ పని మన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి పరివారం రాత్రికి రాత్రి ఊరిని లేపడం లాంటిదే. ఆ సినిమా కూడా పార్కు తెరిచిన రెండేళ్లకే, 1957లో వచ్చింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఇక్కడ బొమ్మ ఇళ్లతో ద్వారకను వెన్నెల్లో నిలబెడితే, అక్కడ నిజం ఇళ్లనే బొమ్మల్లా కట్టారు. ఖర్చు మాత్రం 1 కోటి 70 లక్షల డాలర్లు దాటింది.

1955 జులై 17, ఆదివారం. తెల్లవారేసరికి ఇంకా తారు పోస్తున్నారు.

ఆ రోజు మామూలు జనానికి ప్రవేశం లేదు. పత్రికలవాళ్లు, సినిమావాళ్లు, ఉద్యోగుల కుటుంబాలు, స్పాన్సర్లు కలిపి ఆహ్వానితులు సుమారు 11 వేలు. వచ్చింది 28 వేలు. ఎవరో ఆహ్వానపత్రాలకు నకళ్లు అచ్చేశారు. ఇంకొక మహానుభావుడు వెనక కంచెకు నిచ్చెన వేసి మనిషికి 5 డాలర్లు వసూలు చేశాడు. మర్నాడు జనం కోసం గేటు తెరిచినప్పుడు పెద్దల ప్రవేశ రుసుము ఒక డాలరు, పిల్లలకు అర డాలరు. అంటే నిచ్చెన వ్యాపారి అసలు యజమాని కంటే అయిదింతలు గుంజాడన్నమాట. హైవే మీద మైళ్ల కొద్దీ కార్లు బారులు తీరాయి. లోపలికి వచ్చేసరికే పిల్లలకు ఆకలి, బాత్రూం తొందర.

ఎండ 38 డిగ్రీల చుట్టుపక్కల కాసింది. పొద్దున పోసిన తారు మధ్యాహ్నానికి మెత్తబడి ఆడవాళ్ల హైహీల్స్ దిగబడిపోయాయి. బూటు తారులో వదిలేసి ఒంటికాలి మీద గెంతినవాళ్లూ ఉన్నారు. అంతకుముందే ప్లంబర్ల సమ్మె నడిచింది. మంచినీళ్ల కొళాయిలా, మరుగుదొడ్లా, రెండిట్లో ఒక్కటే సిద్ధమవుతుందని తేలితే వాల్ట్ మరుగుదొడ్లన్నాడు. చంటిపిల్లలతో ప్రయాణం చేసిన ఏ తల్లినడిగినా అదే చెబుతుంది. పత్రికలవాళ్లు మాత్రం కూల్‌డ్రింకులు అమ్ముకోడానికే నీళ్లు లేకుండా చేశారని అనుమానించారు. చూస్తుండగానే హోటళ్లలో తిండి అయిపోయింది. ఫాంటసీలాండ్‌లో గ్యాస్ లీకవడంతో కాసేపు ఆ భాగాన్ని మూసేయాల్సి వచ్చింది. ఏ పిల్లల కోసం ఇంత చేశారో ఆ పిల్లలకు బాగా నచ్చే భాగం అదే. మార్క్ ట్వెయిన్ పేరు పెట్టిన ఆవిరి పడవలోకి లెక్కాపత్రం లేకుండా జనాన్ని ఎక్కిస్తే అది ఒరిగి, కింది డెక్ మీదికి నీళ్లొచ్చాయి.

మొక్కలు నాటడానికి డబ్బులు మిగల్లేదు. కాలువ గట్టున పెరిగిన కలుపు మొక్కలకు లాటిన్ పేర్ల బోర్డులు తగిలించారు. ఈ వ్యాసంలో మెచ్చుకోదగ్గ తెలివి ఏదైనా ఉంటే ఇదే. టుమారోలాండ్ అనే భాగం 1986 నాటి ప్రపంచాన్ని చూపాలి. అది సగం కూడా పూర్తికాకపోవడంతో భవిష్యత్తును బెలూన్లతో, జెండాలతో కప్పేశారు.

ఇదంతా టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారం. ఇరవైకి పైగా కెమెరాలు, గంటన్నర కార్యక్రమం, ముగ్గురు వ్యాఖ్యాతలు. వాళ్లలో ఒకరు రోనాల్డ్ రీగన్, పాతికేళ్ల తర్వాత అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికైనాయన. మైకులు పలకలేదు, పలకకూడనప్పుడు పలికాయి. బాబ్ కమింగ్స్ అనే వ్యాఖ్యాత నర్తకిని ముద్దుపెట్టుకుంటూ కెమెరాకు దొరికిపోయాడు. వాల్ట్ ఒక ఫలకం చదువుతూ మధ్యలో తడబడి మళ్లీ మొదటికొచ్చాడు. అయినా ఇంట్లో కూర్చుని చూసిన కోట్లాది మందికి తారు వాసన రాలేదు, దాహం వేయలేదు. వాళ్లు చూసింది కోట తలుపులు తెరుచుకోగానే లోపలికి పరుగెత్తిన పిల్లల్ని. పత్రికలు చెడామడా రాశాయి. సిబ్బంది దానికి ‘బ్లాక్ సండే’ అని పేరు పెట్టుకున్నారు. మర్నాడు తెల్లవారుజామునే గేటు ముందు వరస కట్టింది మాత్రం టీవీ చూసినవాళ్లే. ఏడు వారాల్లో పది లక్షల మంది వచ్చారు. పార్కుల యజమానుల అంచనా తప్పింది, ఒకటే గేటు సరిపోయింది.

ఆ తర్వాత దేశాధినేతలు కూడా వరసలోకి వచ్చారు. 1959లో సోవియట్ నాయకుడు కృశ్చేవ్‌ను భద్రత కుదరదని పోనివ్వకపోతే, అక్కడేమైనా కలరా ఉందా, రాకెట్ల స్థావరముందా అని సభలోనే మండిపడ్డాడు. ప్రచ్ఛన్నయుద్ధంలో ఇంత పసిపిల్లాడి అలక ఇంకోటి కనిపించదు. 1961 నవంబరులో నెహ్రూకు ఆ ఇబ్బంది రాలేదు. వాల్ట్ దగ్గరుండి తిప్పి చూపించాడు.

ఇక్కడి నుంచి కథ చక్కగా ఒక వరసలో నడవదు. 1966లో వాల్ట్ పోయాడు. 1971లో ఫ్లోరిడా, 1983లో టోక్యో. మన దేశానికి డిస్నీ రాలేదు గానీ ఆ ఊహ రకరకాల దారుల్లో దిగింది. ఢిల్లీలో 1984లో అప్పూఘర్ వెలిసింది. ఏషియాడ్ ఏనుగు పేరు పెట్టుకున్న ఆ పార్కు 2008లో మూతపడింది. మద్రాసు టూర్ వెళ్లిన తెలుగు కుటుంబాలకు వీజీపీ గోల్డెన్ బీచ్ గుర్తుండే ఉంటుంది. అక్కడ కదలకుండా మెదలకుండా నిలబడే మనిషిని నవ్వించాలని పిల్లలు పడే పాట్లు ఏ రోలర్ కోస్టర్‌కూ తీసిపోవు. 1995లో తాంబరం దగ్గర కిష్కింత తెరిచిన నవోదయ అప్పచ్చన్ కూడా సినిమా మనిషే. మనకు ‘చిన్నారి చేతన’గా తెలిసిన దేశపు తొలి త్రీడీ సినిమా తీసింది ఆయనే. మరుసటి ఏడాది హైదరాబాద్ శివార్లలో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ వెనకా సినీ నిర్మాతే. ఉత్తుత్తి ఊళ్లు కట్టడం సినిమావాళ్లకు వెన్నతో పెట్టిన విద్య అనుకునేలోగా ఓల్టేజ్ స్టెబిలైజర్ల వ్యాపారి వచ్చాడు. వీ-గార్డ్ అధిపతి కొచౌసెఫ్ చిట్టిలపిళ్లి 2000లో కొచ్చిలో వీగాలాండ్, 2005లో బెంగళూరులో వండర్‌లా తెరిచాడు. 2016లో హైదరాబాద్ దగ్గరి రావిర్యాలకూ వండర్‌లా వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్కూలు బస్సుల వరస చూసి సెలవులొచ్చాయని తెలుసుకునేవాళ్లున్నారు.

పిల్లలూ పెద్దలూ కలిసి ఎలా సరదాపడాలన్న వాల్ట్ ప్రశ్న మాత్రం తేలలేదు. అనహైమ్‌లో స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 40 అంగుళాల ఎత్తు ఉండాలి. అన్నకు ఉంటుంది, చెల్లికి ఉండదు. అందుకని అమ్మానాన్నల్లో ఒకరు ఎక్కుతారు, ఇంకొకరు చంటిదాన్ని పట్టుకుని కింద నిలబడతారు, తర్వాత వంతు మార్చుకుంటారు. మళ్లీ వరసలో నిలబడకుండా అలా మారేందుకు డిస్నీ ‘రైడర్ స్విచ్’ అనే పద్ధతే పెట్టింది. కలిసి సరదాపడటం కోసం కట్టిన చోట వంతులవారీగా సరదాపడటం అది. ఫ్లోరిడా పార్కున్న ఓర్లాండోలో కింద నిలబడే పని సాధారణంగా అమెరికా చూడవచ్చిన అమ్మమ్మా తాతయ్యల మీద పడుతుంది. తాతగారికి స్ట్రోలర్, అమ్మమ్మకు ఆరుగురి సంచులు. 1955లో డాలరున్న టికెట్ అనహైమ్‌లో రద్దీ రోజుల్లో ఇప్పుడు 200 డాలర్లు దాటింది. లోపల రైడ్లకు వేరే టికెట్ లేదు గానీ, వరస తప్పించుకోవాలంటే దానికి వేరే రుసుము.

వాల్ట్ ప్రశ్న విషయంలో హైదరాబాద్‌లోని నాంపల్లి నుమాయిష్‌ది సులువైన దారి. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టి 1946లో నాంపల్లికి మార్చిన ఆ ఎగ్జిబిషన్ డిస్నీలాండ్ కంటే 17 ఏళ్లు పెద్దది. దానికి కోటా లేదు, కథా లేదు. పిల్లల కోసం బొమ్మ రైలు, జెయింట్ వీల్ ఉంటాయి. ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ అమ్మ ఎదుటి స్టాల్‌లో దుప్పట్లు బేరమాడుతుంటుంది. నాన్న మిర్చి బజ్జీల పొట్లంతో వచ్చి, ఇంకో రెండు రౌండ్లకు డబ్బులిచ్చి పిల్లల్ని మళ్లీ ఎక్కిస్తాడు, బేరం ఇంకా తెగలేదు కాబట్టి.