హోసూరు ఓటు, హోసూరు మాట



తమిళనాడు శాసనసభ నియోజకవర్గాల వరుసలో 55వ సంఖ్య హోసూరుది. ఒకసారి పటం తీసి చూడండి. రాజధాని చెన్నై మూడు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. బెంగళూరు నలభై కిలోమీటర్లే. జూజువాడి దాటితే అత్తిబెలె, అనగా కర్ణాటక. పరిపాలన రీత్యా తమిళనాడైనా బ్రతుకుతెరువు రీత్యా ఇది బెంగళూరు శివారే. ఊరి పేరు కన్నడం (హొస ఊరు, కొత్త ఊరు). చుట్టుపట్ల అనేక పల్లెలలో ఇంటి మాట తెలుగు. ప్రభుత్వ కార్యాలయాల భాష తమిళం. నంది కొండల నుండి వచ్చే దక్షిణ పినాకిని మాత్రం ఏ సరిహద్దునూ లెక్కచేయక కెలవరపల్లి జలాశయంలోకి దిగుతుంది.

1799లో టిప్పు సుల్తాను పతనానంతరం ఈ సీమ సేలం జిల్లాలో చేరింది. 1956లో భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మద్రాసులోనే మిగిలింది. 1965లో ధర్మపురి జిల్లాకు, 2004లో కృష్ణగిరి జిల్లాకు మారింది.

ఇక ఓటు సంగతి. 1967లో ద్రావిడ మున్నేట్ర కళగం రాష్ట్రాన్ని గెలుచుకున్నది. ఆ తరువాత దశాబ్దాలపాటు చెన్నైలో కాంగ్రెసుకు అధికారం దక్కలేదు. అయితే హోసూరు ఏమి చేసింది? 1967లోను, 1971లోను స్వతంత్ర పార్టీని గెలిపించింది. 1977 నుండి 1991 వరకు వరుసగా అయిదు ఎన్నికలలో కాంగ్రెసుకే పట్టం కట్టింది. ఎన్. రామచంద్రారెడ్డి, టి. వెంకటరెడ్డి, కె.ఎ. మనోహరన్ ఆ కాలపు శాసనసభ్యులు. 1996లో జనతాదళ్‌కు రాష్ట్రమంతటా దక్కిన ఒకే ఒక్క స్థానం హోసూరు. 2001, 2006, 2011లలో కె. గోపీనాథ్ కాంగ్రెసు పక్షాన గెలిచారు. 2011లో ఆ పార్టీకి రాష్ట్రంలో వచ్చినవి అయిదే స్థానాలు, వాటిలో ఇది ఒకటి. 1967 నుండి 2016 దాకా రెండు ప్రధాన ద్రావిడ పక్షాలలో ఏదీ తన గుర్తుతో ఇక్కడ నెగ్గలేదు.

దీనిని తెలుగువారి భాషాభిమానమని మురిసిపోదామా? నాకు అంత నమ్మకం లేదు. కాంగ్రెసు ఒకసారి ఈ కళగంతోను, మరొకసారి ఆ కళగంతోను పొత్తు పెట్టుకొని గెలిచిన సందర్భాలే ఎక్కువ. పల్లెలలో పలుకుబడిగల కుటుంబాల మాట కూడా తక్కువదేమీ కాదు. కాకపోతే ఓటు అడగవలసిన భాష ఏదో అభ్యర్థులందరికీ తెలుసు.

ఈలోగా ఊరే మారిపోయింది. 1970వ దశకంలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. అశోక్ లేలాండ్, టి.వి.ఎస్., టైటాన్ కర్మాగారాలు వెలిశాయి. పని వెదుక్కుంటూ తమిళ జిల్లాల నుండి, ఇతర రాష్ట్రాల నుండి జనం వచ్చి స్థిరపడ్డారు. 2011 ఎన్నికల నాటికి పునర్విభజన జరిగి పక్కనే వేపనపల్లి అనే కొత్త నియోజకవర్గం కూడా ఏర్పడింది. 2016లో అన్నా డి.ఎం.కె. అభ్యర్థి పి. బాలకృష్ణారెడ్డి గోపీనాథ్‌ను ఓడించారు. ఆ స్థానం ఖాళీ అయి 2019లో ఉపఎన్నిక జరుగగా డి.ఎం.కె. గెలిచింది. 2021లోను ఆ పార్టీయే గెలిచింది. గెలిచిన వై. ప్రకాష్ అంతకుముందు పొరుగున ఉన్న తళి శాసనసభ్యులు. 2019లోనే హోసూరు నగరపాలక సంస్థ అయింది. పల్లె ఓటు బరువు తగ్గి, కాలనీల ఓటు బరువు పెరిగిందని నా అంచనా.

తల్లిదండ్రులారా, మనకు అసలు పట్టవలసిన సంవత్సరం 2006. ఆ మే నెలలో హోసూరు తెలుగు మాట్లాడే కాంగ్రెసు అభ్యర్థిని మళ్లీ గెలిపించింది. ఆయన పార్టీ కొత్త డి.ఎం.కె. ప్రభుత్వానికి మిత్రపక్షం. మరుసటి నెలలోనే ఆ ప్రభుత్వం ఒకటవ తరగతి నుండి తమిళాన్ని నిర్బంధం చేసే చట్టం తెచ్చింది. ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున ఎక్కుతూ అది 2015-16కు పదవ తరగతిని చేరింది. తమిళం నేర్వడంలో తప్పు లేదు. హోసూరు పిల్లవాడు వీధిలోనే నేర్చుకుంటాడు. చిక్కల్లా పరీక్షలో తెలుగు నిలిచేనా అన్నదే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలు మినహాయింపుల కోసం న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఊరట కూడా ఆ ఒక్క సంవత్సరానికే. పదవ తరగతి గదిలో కూర్చున్న పిల్లవాడికి తన పరీక్షాపత్రం ఏ భాషలో ఉంటుందో చివరి నెలల దాకా తేలకపోవడం ఎంతటి బాధో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

2024లో గోపీనాథ్ కృష్ణగిరి నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ జూన్ నెలలో ఢిల్లీలో ఆయన ప్రమాణం చేసినది తెలుగులో.