దొరగారికి తెలియని సంగతి



గూఢచారి సినిమా అనగానే మనకు కృష్ణ, జయలలిత నటించిన 'గూఢచారి 116' గుర్తొస్తుంది. అది 1966లో వచ్చింది. దానికి దారి చూపించిన ఇంగ్లీషు జేమ్స్ బాండు 1962లోనే తెరకెక్కాడు. ఆ మొదటి సినిమాలో దొరగారు జమైకా వెళ్ళి అక్కడి వ్యవహారం చక్కబెట్టి వస్తారు. తమాషా ఏమిటంటే, సినిమా విడుదలకు రెండు నెలల ముందే జమైకాకు స్వాతంత్ర్యం వచ్చేసింది!

ఈ దొరతనాన్నే వేళాకోళం చేస్తూ 2006లో ఫ్రెంచివాళ్ళు ఒక హాస్యచిత్రం తీశారు. అందులో గూఢచారి పేరు ఓఎస్ఎస్ 117. వేసినవాడు జాన్ దుజార్దాన్. కథ 1955లో, కైరోలో. ఈ పెద్దమనిషి తెల్లవారుజామున మసీదులో పిలుపు వినబడితే నిద్ర చెడిందని దెబ్బలాటకు పోతాడు. కనబడ్డ బీదవాళ్ళకల్లా తమ దేశాధ్యక్షుడి ఫోటో పంచుతాడు. సూయజ్ కాలువ నాలుగు వేల ఏళ్ళ నాటిదనుకుని మెచ్చుకుంటాడు. తవ్వి ఎనభై ఆరేళ్ళే అయిందని పక్కనున్న ఈజిప్టు అమ్మాయి చెబుతుంది. చెప్పినా తలకెక్కదు.

మనకెందుకు నవ్వొస్తుందంటే, తర్వాత జరిగింది మనకు తెలుసు కనక. 1956 జూలైలో నాసర్ ఆ కాలువను జాతీయం చేశాడు. బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెల్ కలిసి దండెత్తి, చివరికి వెనక్కి తగ్గాయి. దొరగారి కాళ్ళ కింద నేల కదిలిపోతూంటే ఆయన మాత్రం ఫోటోలు పంచుతున్నాడన్నమాట.

మన భాషలో 'దొర' మాట తెల్లవాడికీ ఉంది, గడీలో ఉండేవాడికీ ఉంది. మా ఆలేరు ప్రాంతంలో పెద్దవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. నిజాం కాలంలో గడీలకు వెట్టిచాకిరి చేసినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. తమ దయవల్లే జనం బతుకుతున్నారని ఆ దొరలూ నమ్మారు. జనగామ దాటితే వచ్చే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట తనదేనని నిలబడేసరికి ఆ నమ్మకం బీటలు వారింది. 1948లో నిజాం పాలన పోయింది, మరుసటేడు జాగీర్లూ పోయాయి.

దొరలు పోయారు సరే, దొరతనం పోయిందా? పనిమనిషికి టీ పోయడానికి విడిగా ఒక గ్లాసు పెట్టుకున్న ఇళ్ళు ఇంకా లేవూ? పైగా "మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం" అంటాం. ఆమె పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో మాత్రం చెప్పలేం. ఆ ఫ్రెంచి గూఢచారిని చూసి నవ్వుకోండి, తప్పులేదు. నవ్వడం అయ్యాక ఒకసారి వంటింటి అలమారు వైపు కూడా చూడండి.